బూడిదగడ్డకు తిరిగిపోయిన ఇటుకలు

పాత ఇటుక మీద నీళ్ళు పడితే ఒక వాసన వస్తుంది. ఇప్పటి బట్టీ ఇటుకకు ఆ వాసన లేదు. మట్టిలో ఊక కలిపి, మూరెడు పొడవున అచ్చుపోసి, ఎన్ని వందల ఏళ్ళ కిందనో కాల్చిన ఇటుక అది. తడిస్తే వడ్లు దంచిన రోలు వాసన, చల్లారిన పొయ్యి వాసన, మూలన పడిన గోనెసంచి వాసన అన్నీ కలిసి ముక్కుకు తగులుతాయి. మొన్న వానాకాలం చివర్లో, కేతేపల్లి దాటి మూసీ వైపున్న మా ఊరి గడ్డ దగ్గర తవ్వకం జరుగుతోందంటే చూద్దామని పోయాను. కూలికి వచ్చిన ఒకామె, తవ్వి బయటికి తీసిన గోడ మీద చెంబుతో నీళ్ళు చిలకరిస్తూ కుంచెతో తుడుస్తోంది. ఆ వాసన వచ్చింది. అక్కడున్న గుంజ పట్టుకున్నాను. డెబ్బై రెండేళ్ళవాడు ఎందుకైనా గుంజ పట్టుకుంటాడనుకోండి, కానీ ఆ భయం ఈ వయసుది కాదు, తొమ్మిదేళ్ళప్పటిది.

భయం కప్పిపుచ్చుకోవడానికి పక్కనున్న తవ్వకాల ఆఫీసరుతో, "సారూ, మన జిల్లాల బుద్ధుని ఎముకను చేత వట్టుకున్న మనిషి ఒక్కడే ఉన్నడు, గాయిన నీ ముంగటనే నిలవడ్డడు" అన్నాను. ఆయన తల కూడా ఎత్తకుండా, "జర గోతి అంచు మీద నిలవడకు తాతా" అన్నాడు.

ఈ మాట నేను అరవై ఏళ్ళుగా చెబుతున్నాను. పెళ్ళి పందిళ్ళలో చెప్పాను, బస్సుల్లో చెప్పాను, జడ్చర్లలో వియ్యంకుల ఇంట భోజనాల దగ్గర చెప్పాను. తెలంగాణ వచ్చినాక మా గడ్డ చుట్టూ ఇనుప కంచె వేసి నీలం బోర్డు పెట్టినప్పటి నుంచి ఈ మాటకు గిరాకీ కూడా పెరిగింది. కానీ ఆ ఎముక నా చేతికి వచ్చిన తర్వాత మా ఇంట్లో ఏం జరిగిందో మాత్రం ఎవరికీ చెప్పలేదు. అదిప్పుడు రాస్తున్నాను.

మా గడ్డ తాటిచెట్టంత ఎత్తుండేదని రాయబోయి ఆగాను; రెండు నిలువులుంటుందేమో, అంతే. తొమ్మిదేళ్ళవాడికి అదే తాటిచెట్టు. గోరుతో గీకితే బూడిద రంగు మట్టి రాలేది కాబట్టి బూడిదగడ్డ అన్నారు. భాద్రపదం దాటుతుండగా దాని ఒళ్ళంతా గునుగుపూలు తెల్లగా కంకులు వేసేవి, మధ్యమధ్య తంగేడు పసుపు, దూరం నుంచి చూస్తే ముసలి రాక్షసుడెవరో నెత్తికి పసుపు రాసుకుని పడుకున్నట్టుండేది. పెద్దవాళ్ళు దాన్ని రాక్షసుల బట్టీ అనేవారు, ఇంత లావు ఇటుక మనిషి చెయ్యగలడా అనేవారు. మిట్టమధ్యాహ్నం అటు పోవద్దనేవారు. ఎండలో గడ్డ నెర్రెల్లోంచి వేడిగాలి వచ్చేది. అది గడ్డ ఊపిరి అని మా అవ్వ చెప్పింది, నేను నమ్మాను, ఇప్పటికీ సగం నమ్ముతాను.

అంత భయపడీ ఆ గడ్డ ఇటుకల్ని మా ఊళ్ళో వాడని ఇల్లు లేదు. దానికొక కట్టుబాటు ఉండేది. గడ్డ ఇటుక ఇస్తుంది కానీ దానం చెయ్యదు. ఇంట్లో ఎవరికైనా గట్టిగా రోగమొస్తే గడ్డ తన ఇటుక అడుగుతోందని అర్థం. ఇంటి పెద్ద తలస్నానం చేసి, తడి పంచెతో, గడ్డపారతో గోడలోంచి ఒక్క ఇటుక పెరికి, పసుపు రాసి, నెత్తిన పెట్టుకుని పోయి గడ్డ మొదట్లో ఆనించి, వెనక్కి చూడకుండా రావాలి. ఒక పొద్దుకు ఒక్కటే. పైనుంచి కిందికి వరుస తప్పకూడదు. ఖాళీ అయిన బొక్కలో మట్టి నింపకూడదు. అందుకని మా ఊరి గోడలు చూస్తే ఆ ఇంటి రోగాల చరిత్ర తెలిసిపోయేది. పిల్లను చూడవచ్చినవాళ్ళు పిల్లకంటే ముందు వెనక గదిలోకి తొంగిచూసి బొక్కలు లెక్కపెట్టేవారు. మా ఇంట్లో నాలుగుండేవి: తాత పాముకాటుది ఒకటి, అమ్మ బాలింత జ్వరానిది ఒకటి, తక్కిన రెండూ నేను పుట్టకముందువి. నాలుగూ వడ్ల గుమ్మి వెనక, మనిషి దూరేంత సందులో. దాగుడుమూతలాడితే నా చోటు అదే.

మా బడికి కరీం సారు సైకిల్ మీద వచ్చేవారు. పంట్లాము కాలికి చెప్పుల వారు చుట్టుకుని, చొక్కా జేబులో ఎప్పుడూ రెండు సుద్దముక్కలు, ఒక తమలపాకు పొట్లం. ఆయనే మొదట చెప్పారు, అది రాక్షసుల బట్టీ కాదని. పెత్రమాస అమావాస్య ముందు వారం, బయట సన్నగా వాన పడుతోంది, బడి కప్పు నాలుగుచోట్ల కారుతోంది, మేమంతా కారని మూలకు జరిగి కూర్చున్నాం. మా చెల్లె సత్తెమ్మకు ఆరేళ్ళు, బళ్ళో పేరు లేదు, నా వెంట వచ్చి నా పలక మీద బొమ్మలు గీసేది. సారు బీటలువారిన గోడకు ఆనుకుని, ఉత్తరాన కొండల కింద ఒక రాజు కొడుకు ఉండేవాడని మొదలుపెట్టారు. ఆ కొడుకు పెద్దవాడై, పెళ్ళయి, బిడ్డ పుట్టేదాకా ముసలిమనిషిని చూడలేదు, రోగిని చూడలేదు, పీనుగను చూడలేదు. నాకది నమ్మబుద్ధి కాలేదు. మా వాడలో ఈ మూడూ చూడకుండా ఐదేళ్ళు దాటిన పిల్లవాడు లేడు. కానీ సారు గొంతు తగ్గించి, అతను మొదటిసారి పీనుగను చూసి రథం తోలేవాణ్ణి అడిగిన మాట చెప్పినప్పుడు నేను ముందుకు జరిగాను.

"నాకు గూడ గిట్లనే అయితదా అని అడిగిండు. అయితది అన్నడు వాడు" అన్నారు సారు.

"నాకు గూడనా సారూ?" అన్నాను.

"నీకు గూడ. నాకు గూడ. ఎవలకైనా."

పక్కన సత్తెమ్మ పలక మీద కోడిని గీస్తోంది. దాన్ని చూశాను. ఎవరికైనా అంటే దీనికి కూడా అన్నమాట. ఆ ఆలోచన అంతకుముందు నాకు రాలేదు.

సారు ఆ రాజు కొడుకు ఇల్లు విడిచిన సంగతి, ఎముకలు తేలేదాకా పస్తులుండి అది తప్పు దారని తెలుసుకున్న సంగతి, రావిచెట్టు కింద కూర్చుని లేచిన సంగతి చెప్పారు. ఏం తెలిసిందాయనకు అంటే సుద్దముక్కతో నేల మీద నాలుగు గీతలు గీశారు. "దుఃఖం ఉన్నది. దానికి కారణం ఉన్నది. కారణం పోతే దుఃఖం పోతది. పోయెటందుకు తొవ్వ ఉన్నది. గింతే. పక్కోడు ఆడే గోటీ నీకు గావాలె, వాడియ్యడు, ఏడుస్తవు. ఏడుపు గోటీల లేదు, నీ గావాలెల ఉన్నది." తర్వాత ఐదు మాటలు చెప్పి ఐదు వేళ్ళు మడిచారు: ప్రాణం తియ్యొద్దు, ఇయ్యంది తీసుకోవద్దు, పరాయి ఆలుమగల జోలికి పోవద్దు, అబద్ధం ఆడొద్దు, కల్లు సారా ముట్టొద్దు. ఐదోది వినగానే వెనక నుంచి కల్లు గీసే గౌండ్లవాళ్ళ పిల్లవాడు లేచాడు. "మరి మా నాయిన తాడెక్కుడు బందు వెట్టాలెనా సారూ?" సారు మడిచిన ఐదో వేలు తెరిచి, "తాడెక్కనియ్యి, తాగుడు నువ్వు నేర్వకు" అన్నారు.

ఆ మనిషి చెప్పింది విన్నవాళ్ళు గుండు గీయించుకుని, అడుక్కునే గిన్నె పట్టుకుని, ఊరూరా నడిచారట. వానాకాలం మూడు నెలలు మాత్రం ఒకచోట ఆగేవారట, నడిస్తే పురుగు చస్తుంది, మొలక విరుగుతుంది అని. అలా ఆగిన చోట్లలో మన గడ్డ ఒకటి, ఈ తొవ్వన కృష్ణ దాకా, అక్కడినుంచి సముద్రం ఒడ్డుకు, ఓడల మీద లంకకు, బర్మాకు, ఇంకోవైపు మంచుకొండలు దాటి చీనాకు పోయారని సారు చెప్పారు. ఇంటికి వచ్చి అవ్వకు చెబితే, "గంత దూరం నడిసినోళ్ళకు బువ్వ ఎవలు వెట్టిండ్రో" అంది, ఆమెకు అదే పెద్ద సంగతి.

చివర్లో సారు ఒక మాటన్నారు, ఆ మాటే నా కొంప ముంచింది. ఆయన పోయినాక కాల్చి, ఎముకల్ని ఎనిమిది వాటాలు చేసి ఎనిమిది గడ్డలు కట్టారట, తర్వాతి కాలంలో ఒక పెద్ద రాజు వాటిని తీసి దేశమంతా పంచి ఇంకా ఎన్నో గడ్డలు కట్టించాడట. "ఏ గడ్డల ఏమున్నదో ఎవలకెరుక" అని సారు బెల్లు కొట్టారు.

మూడు రోజులకు ఎంగిలిపూల బతుకమ్మ; అక్కడినుంచి తొమ్మిదో రోజు సద్దులు. పొద్దున్నే సత్తెమ్మా నేనూ గునుగుకు పోయాం. వానకు గడ్డ ఒకవైపు కోసుకుపోయి, ఇటుకల మధ్య తెల్లరాయి ఒకటి నున్నగా కనిపించింది. సత్తెమ్మను కింద పూలు తెంపమని చెప్పి నేను పాక్కుంటూ ఎక్కాను. లాగితే ఊడివచ్చింది. కుంకుమ భరిణె అంత రాతి డబ్బీ. మూత తిప్పితే లోపల బూడిద, బూడిదలో గుమ్మడిగింజంత తెల్లటిది. అరచేతిలో వేసుకున్నాను. ఏ బరువూ లేదు. విదిలిస్తే పడలేదు; చెమటకు అంటుకుపోయింది. గోరుతో గీకి డబ్బీలో పడేసి, నిక్కరు జేబులో పెట్టుకుని దిగాను. "ఏందన్నా అది" అంది సత్తెమ్మ. "ఏం లేదు, రాయి" అన్నాను. ఐదు మాటల్లో రెండు ఒక్క పూటలో తప్పాను. ఇంటికి పోయి గుమ్మి వెనక నాలుగో బొక్కలో తోశాను.

ఆ సాయంత్రం ఆడవాళ్ళు బతుకమ్మ చుట్టూ తిరుగుతుండగా సత్తెమ్మకు చలి పుట్టింది. మూడు గొంగళ్ళు కప్పినా పళ్ళు టకటకలాడుతున్నాయి, ఆ చప్పుడు నాకు నవారు మంచం అవతలి నుంచి వినిపిస్తోంది. తర్వాత ఒళ్ళు కాలిపోయింది. మరునాడు పొద్దున్నే నాన్న, మేం బాపు అనేవాళ్ళం, తడి పంచెతో గడ్డపార పట్టుకుని వెనక గదిలోకి వచ్చి ఐదో ఇటుక పెరికారు. ఆ రోజంతా సత్తెమ్మకు జ్వరం లేదు, లేచి సత్తుపిండి తింది. బాపు మొహం వెలిగింది. మూడో రోజు మళ్ళీ చలి. నాలుగో రోజు ఇంకో ఇటుక. ఆ రోజూ జ్వరం లేదు. ఐదో రోజు మళ్ళీ. ఆరో రోజు ఇంకోటి. చలిజ్వరం దినం తప్పించి దినం వస్తుందని, ఇటుక తియ్యకున్నా ఆ రోజు రాదని ఇవాళ చిన్న పిల్లలకు కూడా తెలుసు. అప్పుడు మాకు కనిపించింది ఒకటే: ఇటుక పోయిన రోజున పిల్ల లేస్తోంది. గడ్డ పుచ్చుకుంటోంది, ఇంకా అడుగుతోంది.

కరీం సారు ఒకసారి వచ్చి, గుమ్మం దగ్గర నిలబడి, పిల్ల కనురెప్ప కిందికి లాగి చూసి, "సూర్యాపేట దవాఖానకు తీస్కపో పటేలా, దీనికి గోలీలున్నయి" అన్నారు. "ఇటుకలు పని జేస్తున్నయి గద సారూ, సద్దుల దాక సూస్త. నడుమల ఇడిసిపెడ్తే గడ్డ ఊకుంటదా" అన్నారు బాపు. సారు అవ్వ వైపు చూశారు. అవ్వ చూపు తిప్పుకుంది.

ఊళ్ళో నువ్వులు వేయించే వాసన, బెల్లం పాకం వాసన, ఇంటింటా గౌరమ్మకు పసుపు నూరే చప్పుడు. మా ఇంట్లో తడి మట్టి రాలే చప్పుడు. నాకొక్కడికే తెలుసు అవన్నీ వట్టి ఇటుకలని, గడ్డ అడుగుతున్నది ఇటుక కాదని. ఎముక ఇంటికి తెచ్చినవాళ్ళ ఇంట్లోంచి గడ్డ ఒక ఎముక తీసుకుంటుందని అవ్వ ఎప్పుడో అన్న మాట నా చెవిలోంచి పోవడం లేదు. చెబితే బాపు చంపుతారు. చెప్పకుంటే సత్తెమ్మ చస్తుంది. చెప్పినా చస్తుందేమో, అప్పుడు చంపింది నేనేనని అందరికీ తెలుస్తుంది. వరుస తప్పకుండా ఇటుకలు తీస్తుంటే రోజు విడిచి రోజు బాపు చెయ్యి నా బొక్క పక్కనే ఆడుతోంది. పైన దూలం వేలెడు కిందికి దిగింది.

ఐదో రోజు మిట్టమధ్యాహ్నం డబ్బీ తీసుకుని గడ్డ మీదికి ఎక్కి, తీసిన చోటనే పెట్టి, దండం పెట్టి వచ్చానని ఇక్కడ రాస్తే బాగుండేది. ఎక్కలేదు. గునుగు మొదళ్ళ దాకా పోయాను. నెర్రెలోంచి వేడిగాలి కాళ్ళకు తగిలింది. అప్పుడు ఇటుకల సందులోంచి ఉడుము ఒకటి తల బయటపెట్టి, నాలుక ఆడించి, నన్నే చూసింది. ఇంటి గడప దాకా ఆగకుండా ఉరికాను. డబ్బీ చేతిలోనే ఉంది. మళ్ళీ బొక్కలో పెట్టాను.

ఏడో రోజు చలి రాలేదు, నేరుగా కాక వచ్చింది. సత్తెమ్మ ఎవరినీ గుర్తుపట్టలేదు. కళ్ళు తెల్లగా పైకి పోయాయి. అమ్మ దాని అరికాళ్ళు రుద్దుతూ రుద్దుతూ అక్కడే ఒరిగిపోయింది. ఎనిమిదో రోజు పొద్దున జ్వరం దిగింది కానీ పిల్ల లేవలేదు. నేను గుమ్మి వెనక దూరి కూర్చున్నాను. బాపు వచ్చారు. తడి పంచె, గడ్డపార. ఎందుకో గడ్డపార నేల మీద పెట్టారు. నేను వేలు ఎత్తి నాలుగో బొక్క వైపు చూపించాను. మాట రాలేదు, వేలు మాత్రం ఎత్తాను. బాపు చెయ్యి నేరుగా ఆ బొక్కలోకి పోయింది, డబ్బీతో బయటికి వచ్చింది. మూత తెరిచి చూసి, మూసి, తువ్వాలలో చుట్టి అవ్వ చేతికిచ్చి, "గడ్డ కాడ వెట్టి రా అవ్వా. నేను బండి గడ్త" అన్నారు. గడ్డివేసిన బండిలో సత్తెమ్మను పడుకోబెట్టి, అమ్మ ఎక్కినాక, బాపు నా దగ్గరికి వచ్చి నెత్తి మీద చెయ్యి పెట్టి పోయారు. కొట్టలేదు. తిట్టలేదు. చచ్చేదాకా ఆ సంగతి ఎత్తలేదు. సూర్యాపేటలో చేదు గోలీలిచ్చారు, సత్తెమ్మ సద్దులు వెళ్ళిన ఆరో రోజు బండి దిగి నడిచి ఇంట్లోకి వచ్చింది. నా వేలు చూసి బాపు నన్ను క్షమించారని, ఆ నెత్తి మీది చెయ్యే ఆ క్షమ అని అరవై ఏళ్ళు బతికాను.

ఇక ఎముక. బుద్ధుడిదని ఎవరూ అనలేదు. తర్వాతెప్పుడో ధైర్యం చేసి కరీం సారును అడిగితే, అలా మూడు నెలలు ఆగిన భిక్షువులలో ఎవరిదైనా కావచ్చు అన్నారు. తవ్వకాల ఆఫీసరును అడిగితే చూడకుండా చెప్పలేనన్నాడు. మేకపిల్ల పన్నేమో కూడా. అవ్వ ఆ డబ్బీని గడ్డలో ఎక్కడ పెట్టిందో ఎవరికీ చెప్పకుండానే పోయింది.

ఇప్పుడు వెనక గది లేదు, ఆ ఇల్లే లేదు, రోడ్డు వెడల్పులో పోయింది. కరీం సారు లేరు. ఊళ్ళో అన్నీ సిమెంటు గోడలు, వాటికి బొక్కలుండవు, ఏ ఇంట్లో ఏ రోగం వచ్చిందో బయటికి తెలియదు. గడ్డ మీద గునుగు పీకేసి చదును చేశారు. బడి పిల్లలు మిట్టమధ్యాహ్నం కంచె లోపల ఫోటోలు దిగుతున్నారు, ఒక్కడికి భయం లేదు. మంచిదే. కానీ ఆ భయం ఎంత పెద్దదో చెబితే నమ్మేవాడు కూడా లేడు.

ఇక్కడికి ఆపేసి, పోయిన ఆదివారం రామన్నపేట పోయాను. సత్తెమ్మ అక్కడే కోడలింట్లో ఉంటోంది, కంటిచూపు తగ్గింది. గడప మీద కూర్చుని చిక్కుడుకాయ ఈనెలు తీస్తోంది. మొత్తం చదివి వినిపించాను. ఈనెలు తీస్తూనే విన్నది.

"అయిపాయెనా?"

"అయింది."

"డబ్బీ నిజమే. ఉడుము నిజమే కావొచ్చు, నేను సూడలే. ఏలు సూపిచ్చిన్నన్నది తప్పు."

"సూపిచ్చిన సత్తీ. గుమ్మి ఎనకనించి."

"గుమ్మి ఎనక చీకట్ల దూరినోని ఏలు బాపుకెట్ల అవుపడ్తది? నువ్వు డబ్బీ బొక్కల దాసంగ సూసిన గద, నాకు జరం దిగంగనే నేను జెప్పిన. నాలుగో బొక్కల ఉన్నది బాపూ, అది తీసి ఇచ్చెయ్యి, గోడ ఇడిసిపెట్టి నన్ను దవాఖానకు తీస్కపో అన్న. ఎవలు తెచ్చిండ్రు బిడ్డా అన్నడు. నేనే తెచ్చిన అన్న."

కాగితాలు నా ఒళ్ళోనే ఉన్నాయి. వాటిని మడిచి, "గట్లెందుకన్నవే" అని అడిగాను.

"జరమున్నదాన్ని కొట్టడు గద. నిన్నైతే ఇడుస్తడా?" ఇంకో చిక్కుడుకాయ తీసుకుంది. "గా యేటి సంది పెండ్లయి పోయిందాక నన్ను గునుగుపూలకు పంపలే. నా చెయ్యి మంచిది గాదన్నడు. నువ్వు తెత్తుంటివి, నేను ఇంట్ల కూసుండి పేరుత్తుంటి. యాదికి లేదా?"

యాదికి ఉంది. ఆరోగ్యం బాగాలేదని పంపడం లేదేమో అనుకున్నాను.

"రాసుకుంటే రాసుకో అన్నా. బాపు మాఫ్ జేసిండని మాత్రం రాయకు. నీ సంగతి ఆయనకు తెల్వనే తెల్వదు."